ఆరేళ్లు ఏమీ చేయలేదని నాతో సంతకం పెట్టించారు

గ్యాప్ సర్టిఫికెట్ అనే కాగితాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన్ని ఒక్క నైట్ షిఫ్ట్ మా రొయ్యల ప్లాంటులో, సైజులు వేరుచేసే గ్రేడింగ్ టేబుల్ దగ్గర నిలబెట్టాలని ఉంది.

నేను మళ్లీ డిగ్రీలో చేరుతున్నాను. పాతికేళ్లకి, ఫస్టియర్ నుంచి, మైక్రోబయాలజీలో. అడిగిన కాగితాల్లో ఒకటి, 2019 నుంచి ఇప్పటిదాకా ఎక్కడా చదవలేదని నోటరీ అఫిడవిట్, అదే ఈ గ్యాప్ సర్టిఫికెట్. నెల్లూరులో కోర్టు దగ్గర టైపు చేసే ఆయన దగ్గరికి పోయాను. "గ్యాపా పాపా? ఎన్నేళ్లు?" అన్నాడు. మ్యాటర్ రెడీగానే ఉంది, పేరూ సంవత్సరాలూ మారిస్తే చాలు. ఈ కాలంలో ఏ కోర్సులోనూ చేరలేదు, ఏ ఉద్యోగమూ చేయలేదు, చట్టవ్యతిరేకమైన పనులు చేయలేదు, ఇంటి వద్దనే ఉన్నాను.

"నేను ఉద్యోగం చేశాను సార్" అన్నా.

"అది రాస్తే దానికింకో సర్టిఫికెట్ అడుగుతారమ్మా. నీకెందుకా తలనొప్పి? ఇంట్లోనే ఉన్నానని పెట్టుకో."

పెట్టేశాను. వంద రూపాయల స్టాంపు పేపరు మీద, ఆరేళ్లు ఇంట్లో కూర్చున్నానని.

అసలు సంగతి చెప్తా. విడవలూరు పక్కన మా నాయన రెండు రొయ్యల గుంటలు కౌలుకి చేసేవాడు. నా డిగ్రీ సెకండియర్ అయిపోయే టైంకి పంటకి తెల్లమచ్చ వైరస్ తగిలింది. గుంటల దగ్గర పెరిగిన వాళ్లకి చెప్పక్కర్లేదు, వైరస్ కనపడిందంటే రొయ్య పెరిగేదాకా ఆగే పని ఉండదు, ఉన్నది ఉన్నట్టు పట్టేయాల్సిందే. కిలోకి నూటపాతిక తూగే సన్న సరుకు. కొనేవాడు చెప్పిందే రేటు. సీడు, మేత, డీజిలు, కౌలు, అన్నీ అప్పే. ఆ జూన్‌లో నేను కాలేజీకి పోలేదు. నన్నెవరూ మానమని చెప్పలేదు. ఇంట్లో ఎవరూ ఫీజు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు, అంతే.

తర్వాత ప్రాసెసింగ్ ప్లాంటు. మొదట పీలింగ్, అంటే రొయ్య తొక్క తీయడం, కిలోకింత అని కూలీ. ఐసునీళ్లలో చేతులు పెట్టి పెట్టి సాయంత్రానికి వేళ్లు మనవి కాకుండా పోతాయి. తర్వాత గ్రేడింగ్. తర్వాత, ఇంగ్లీషు చదవడం వచ్చని, క్వాలిటీ వాళ్లకి హెల్పరుగా వేశారు. కోల్డ్ స్టోరేజీ మైనస్ 18 దగ్గర ఉందో లేదో రాసుకోవడం, శాంపిల్ తీసి ల్యాబ్‌కివ్వడం. అక్కడే మళ్లీ పిచ్చి పట్టింది నాకు. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉందా లేదా అని, క్రిములు మొలిచే ప్లేట్లలో శాంపిల్ పెడతారు, మర్నాడు మూత తీసి చూస్తారు. సెకండియర్‌లో పుస్తకంలో బట్టీ పట్టిన పేర్లన్నీ అక్కడ మొలిచి కనపడతాయి. కానీ రిపోర్టు మీద సంతకం నాది కాదు. పెట్టేది నాకంటే మూడేళ్లు చిన్న అమ్మాయి. మంచి పిల్ల, అక్కా అక్కా అంటది. శాంపిళ్లకి లేబుల్ ఎట్టా రాయాలో మొదటి వారం ఆమెకి చూపించింది నేనే.

సరే చేరదామని పాత కాలేజీకి పోతే, ఇరవై ఎనిమిది వేలు బాకీ, కట్టి టీసీ, ఇంటర్ మెమో తీసుకుపొమ్మన్నారు. 2019లో మా నాయన అదే కౌంటర్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి వచ్చాడు. విద్యార్థుల ఒరిజినల్స్ కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదు, చూసి వెంటనే తిరిగివ్వాలి అని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అంటే ఆయన నిలబడినప్పటికే రూల్ ఉంది. మాకు తెలియదు. కౌంటర్ అవతల వాళ్లకి తెలియదని మాత్రం నేను నమ్మను. ఈసారి ఆ కాగితం ప్రింటు తీసి చేతిలో పట్టుకునే పోయాను. అయినా కట్టించుకున్నారు, అది వేరే సంగతి. పోట్లాడుతూ కూర్చుంటే అడ్మిషన్ గడువు దాటిపోతుంది. బోనస్ డబ్బు అట్టా పోయింది. గ్యాప్ ఎందుకొచ్చిందని నన్ను నోటరీకి పంపించే వాళ్లు, నా మెమో ఆరేళ్లు ఏ బీరువాలో ఉందో ఒక్క మాట అడగరు.

పాసైన నాలుగు సెమిస్టర్లూ పోయినట్టే. నేను చేరినప్పుడు బోటనీ, కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ మూడూ సమానంగా ఉండేవి. 2020లో సిలబస్ మారింది. 2023లో మన రాష్ట్రంలో డిగ్రీని సింగిల్ మేజర్ చేశారు, అంటే ఒకటే ప్రధాన సబ్జెక్టు, కావాలంటే నాలుగేళ్ల ఆనర్స్. మధ్యలో వదిలేసిన వాళ్లు మళ్లీ వచ్చి చేరొచ్చు, పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు బ్యాంకులో దాచినట్టు దాస్తాం అని 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టారు. చాలా మంచి ఆలోచన, వెటకారంగా అనట్లేదు. నేను రెండేళ్లు ముందే మానేశాను కాబట్టి ఆ బ్యాంకులో నా ఖాతా సున్నా.

అందరూ చెప్పే సలహా ఒకటుంది, డిస్టెన్స్‌లో కట్టేయొచ్చుగా అని. మా పిన్నమ్మయితే దానికి తోడు, పెళ్లయ్యాక కూడా కట్టుకోవచ్చు అంటది. డిస్టెన్స్‌ని తక్కువ చేయను. 1982లో మన దగ్గర ఓపెన్ యూనివర్సిటీ మొదలైనప్పటి నుంచి పనిచేసుకుంటూ దాంట్లో చదివి పైకొచ్చిన వాళ్లు ఎంతమందో. కానీ నాకు కావాల్సింది ల్యాబ్. ప్లేటు నా చేత్తో నేను పెట్టాలి.

అప్లికేషన్ ఆన్‌లైనే. టీసీ చేతికొచ్చేసరికి మొదటి విడత అయిపోయింది, రెండో విడతలో పెట్టాను. నెట్ సెంటర్లో అబ్బాయి స్క్రీన్ చూస్తానే "చెల్లెలికా అక్కా?" అన్నాడు. నాకే అన్నా. ఫారం మొత్తం పదిహేడేళ్ల పిల్లని, పక్కన వాళ్ల నాన్నని మనసులో పెట్టుకుని తయారుచేసిందే. తండ్రి వృత్తికి గడి ఉంది, తండ్రి ఆదాయానికి గడి ఉంది. నేను పనిచేస్తున్నానని రాసుకోవడానికి ఎంత వెతికినా గడి లేదు. కనీసం ఆ ఒక్క గడి పెట్టండయ్యా. "మధ్యలో ఏం చేశావు" అని అడగండి, నేను పేజీలకి పేజీలు రాస్తాను. ఏమీ చేయలేదని అబద్ధం మీద ప్రమాణం చేయించి లోపలికి రానిచ్చే చదువేంది?

సీటొచ్చింది. పగలు క్లాసు, రాత్రి షిఫ్టు, ఎన్నాళ్లు లాగుతానో చూడాలి. సూపర్‌వైజర్ సరేనన్నాడు, సీజన్‌లో మాట మార్చడని నమ్మకం లేదు.

చివరి కాగితం ర్యాగింగ్ అఫిడవిట్. విద్యార్థి ఒకటి, తల్లిదండ్రులొకటి ఇవ్వాలి. ఆరేళ్లు నా జీతంతో ఇంటి అప్పు కట్టిన నేను ఎవరినీ ర్యాగింగ్ చేయనని మా నాయన హామీ ఇవ్వాలి. గుంట గట్టు మీద కూర్చోబెట్టి కాగితం చేతికిచ్చా. ఏముందో చదివి చెప్పమన్నాడు. అంతా విని, సంతకం పెట్టి, పెన్ను తిరిగిస్తూ సీరియస్‌గానే అన్నాడు: "చిన్నపిల్లకాయలు పాపా, ఎవుర్నీ ఏడిపించబాక."