ప్రాజెక్టు మేమే ఇస్తాం

అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందులో ఓ కరెంటు స్తంభానికి పసుపు రంగు పోస్టరు అంటించి ఉంది. సిక్స్ సిగ్మా గ్రీన్ బెల్ట్, బ్లాక్ బెల్ట్. రెండు వీకెండ్లలో. పాసయ్యే పూచీ మాది. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. రెండు వీకెండ్లలో అమీర్‌పేట నేర్పలేని విద్య ఇంకా భూమ్మీద పుట్టలేదు. పేచీ అంతా చివరి లైనుతోనే. ఎర్రక్షరాల్లో, కింద గీత కూడా గీసి వేశారు: "ప్రాజెక్టు మేమే ఇస్తాం."

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. పనిచేసే చోట ఏదో ఒక పని ఎక్కడ చెడుతోందో కొలిచి, కారణం పట్టుకుని, సరిచేసి, సరిచేసింది మళ్లీ చెడకుండా నిలబెట్టినవాడికి కట్టేది ఆ బెల్టు, గ్రీన్ కింది మెట్టు, బ్లాక్ పై మెట్టు. రుజువు ప్రాజెక్టే. అది కూడా మేమే ఇస్తామనడం ఎలాంటిదంటే, మీ మొక్కు మేమే తీరుస్తాం, కొండ మేమే ఎక్కుతాం, గుండు కూడా మేమే కొట్టించుకుంటాం, లడ్డూ మాత్రం మీ ఇంటికి కొరియర్లో పంపిస్తాం అన్నట్టు.

ఈ విద్యకి పెద్ద చరిత్రే ఉంది. 1986లో మోటరోలాలో బిల్ స్మిత్ అనే ఇంజనీరు మొదలుపెట్టాడు. 1995లో జాక్ వెల్చ్ జనరల్ ఎలక్ట్రిక్‌లో నెత్తికెత్తుకున్నాక ప్రపంచమంతా అంటుకుంది. సిగ్మా అంటే కొలతలు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే కొలమానం, సగటుకీ ఒప్పుకున్న హద్దుకీ మధ్య అలాంటివి ఆరు పట్టాలి. లక్ష్యం పది లక్షల అవకాశాల్లో 3.4 తప్పులు. లెక్క తెలిసినవాళ్లు ఇక్కడ గొంతు సవరించుకుంటారు. నిఖార్సైన ఆరు సిగ్మాలకైతే వంద కోట్లలో 2 తప్పులే రావాలి. కానీ రోజులు గడిచేకొద్దీ సగటు ఒకటిన్నర సిగ్మా పక్కకి జారుతుందని ముందే మినహాయింపు తీసుకున్నారు, అందుకే 3.4. పేరు ఆరు, లెక్క నాలుగున్నర. అమీర్‌పేట ఫీజుల్లాగే ఇందులోనూ డిస్కౌంటు మొదట్నుంచీ కలిపే ఉంది.

ఆ పోస్టరునీ ఇదే తక్కెడలో వేద్దాం. అక్షరాలూ అంకెలూ కలిపి 90. తప్పులు రెండు: "సర్టిఫికెట్" చివర పొల్లు లేదు, సెల్ నంబరులో తొమ్మిదే అంకెలున్నాయి. 90కి 2 అంటే పది లక్షలకి 22,222. పట్టికలో చూస్తే దాదాపు 3.5 సిగ్మా. ఎవరూ ఫోన్ చెయ్యలేని నంబరు వేసినా బ్యాచి నిండిపోయింది. కస్టమరుకి పట్టని తప్పు డిఫెక్టే కాదని సిక్స్ సిగ్మా శాస్త్రమే చెబుతుంది కనుక ఇక్కడ సంస్థవారిని తప్పుపట్టడానికి వీల్లేదు.

చట్టప్రకారం కూడా వీల్లేదు. వకీళ్లకి బార్ కౌన్సిల్ ఉన్నట్టు ఈ బెల్టులకి యజమాని ఎవరూ లేరు. ప్రింటరున్న ప్రతివాడూ ఇవ్వొచ్చు. అమెరికాలోని ఏఎస్‌క్యూ (అమెరికన్ సొసైటీ ఫర్ క్వాలిటీ) లాంటి పాత సంస్థలు మాత్రం కాస్త సతాయిస్తాయి. బ్లాక్ బెల్ట్ పరీక్ష నాలుగు గంటల పైచిలుకు, పుస్తకాలు తీసుకెళ్లి చూసి రాసుకోవచ్చు. పరీక్షకి కూర్చోవాలంటేనే పూర్తిచేసిన ప్రాజెక్టుకి సంతకం చేసిన అఫిడవిట్ అడుగుతారు. ఒకే ప్రాజెక్టు ఉంటే దానికితోడు మూడేళ్ల ఉద్యోగానుభవం కూడా. ఇంత రభస ఎందుకని మనవాళ్లు ఆ అఫిడవిట్ గొడవే ఎత్తేశారు.

ఇప్పుడు ఆ ప్రాజెక్టేమిటో చూద్దాం. ఏ బ్యాచికైనా వాళ్లిచ్చేది ఒకటే: ఆఫీసులో టీ.

మాదాపూర్లో అయిదంతస్తుల ఆఫీసు అనుకోండి. అంతస్తుకి 80 మంది, మొత్తం 400. పదకొండు గంటల టీకి ఒక్కొక్కరికీ సగటున 14 నిమిషాలు పోతున్నాయి, 9కి దించాలి. మొదట చార్టర్, అంటే ప్రాజెక్టు లక్ష్యపత్రం, రాస్తారు. స్పాన్సరుగా వైస్ ప్రెసిడెంటు సంతకం పెడతాడు, ఆయన టీ తాగడు. తర్వాత సిపాక్ అనే పట్టిక గీస్తారు: సరఫరాదారు పాలవాడు, ముడిసరుకు పాలు, ప్రక్రియ కాచుట, ఫలితం టీ, వినియోగదారు ఉద్యోగి. ఇది తేల్చడానికి ఏడుగురికి రెండు గంటలు పట్టింది, మధ్యలో టీకి లేచారు. అటుపైన కారణాలు వెతికే చేపముల్లు బొమ్మ. మనిషి, మిషను, సరుకు, పద్ధతి, కొలత, ప్రకృతి అని ఆరు ముళ్లు. ప్రకృతి ముల్లు ఖాళీగా ఉంటే బాగోదని "వర్షం" అని రాశారు. మిషను నాలుగో అంతస్తు లోపల, ఏసీ కింద ఉంది. ఆ తర్వాత అయిదు ఎందుకులు. లైను ఎందుకుంది? మిషను నెమ్మది. ఎందుకు? రెండే కుళాయిలు. ఎందుకు? అడ్మిన్ వాళ్లు అదే కొన్నారు. ఎందుకు? బడ్జెట్ అంతే. అదెందుకు? అయిదో గడిలో ఎవరో "ప్రపంచ ఆర్థిక పరిస్థితి" అని రాస్తే అందరూ తలలూపారు.

మిషను పక్కనే టీ అన్న నిలబడి ఉన్నాడు. ఆరువారాలుగా ఇదంతా చూస్తున్నాడు. పోనీలే అని ఎవరైనా అడిగి ఉంటే మొదటిరోజే చెప్పేవాడు: "సార్, మీటింగులన్ని పదకొండింటికే ఒడుస్తయ్. ఎనభై మంది ఒక్కపారే వస్తరు. ఒక్క కప్పు నిండనీకి ఇర్వై సెకన్లు పడ్తది. గంతే." మీటింగులు సగం పదకొండుకీ సగం పదకొండుంపావుకీ ముగిస్తే లైను సగమౌతుంది. కానీ ఆయన మాట చేపముల్లులో ఏ ముల్లు కిందికీ రాదు. ఆయనకి బెల్టు కూడా లేదు, మొలతాడు తప్ప.

ఇక కొలత. ముగ్గురికి మూడు స్టాప్‌వాచీలిచ్చారు. ఒకడు మనిషి కుర్చీలోంచి లేవగానే నొక్కుతాడు, రెండోవాడు లైనులో నిలబడ్డాక, మూడోవాడు కప్పు అందుకున్నాక. మూడూ కలిపి సగటు తీశారు. కొలిచేవాళ్ల మధ్య ఇంత తేడా ఉంటే ఆ అంకెలు చెత్తబుట్టకే. సరిగ్గా చెయ్యాలంటే ఒక పది సందర్భాలు సెల్‌ఫోన్లో వీడియో తీసి, ఆ పదింటినే ముగ్గురిచేతా విడివిడిగా రెండేసిసార్లు కొలిపించాలి. మొత్తం తేడాలో కొలతవల్ల వచ్చింది 10 శాతం లోపుంటే భేషు, 30 దాటితే వాచీలు పక్కనపెట్టి ఎప్పుడు నొక్కాలో ముందు ఒక మాటనుకోవాలి. అరపూట పని. ఇదొక్కటీ ఎవరూ చెయ్యరు, స్లయిడ్లలో ఇది అందంగా కనబడదు మరి.

"ముందు" లెక్క జనవరిలో తీశారు. "తర్వాత" లెక్క మే నెలలో తీశారు. హైదరాబాదు మేలో, నలభై రెండు డిగ్రీల ఎండలో, పదకొండింటికి వేడి టీ కోసం లైను కట్టేదెవరు? 14 కాస్తా 9 అయింది. లెక్కల సాఫ్ట్‌వేరు మినీట్యాబ్‌లో వేస్తే పి-వాల్యూ, అంటే ఇంత తేడా ఉత్త అదృష్టం కొద్దీ వచ్చే అవకాశం, 0.000 వచ్చింది. చప్పట్లు. అయిదు నిమిషాలు, 400 మంది, నెలకి 22 రోజులు, అంటే 44,000 నిమిషాలు, 733 గంటలు. గంటకి 600 చొప్పున నెలకి 4.4 లక్షలు, ఏడాదికి 52.8 లక్షల ఆదా. ఆ డబ్బు ఎక్కడుందని ఫైనాన్సువాళ్లని అడిగితే అదేదో కొత్త స్కీము అనుకున్నారు. జీతం ఒక్క రూపాయి తగ్గలేదు, పని ఒక్క ఫైలు పెరగలేదు. దీన్ని సాఫ్ట్ సేవింగ్స్ అంటారు. నేతిబీరకాయలో నెయ్యెంతో ఇందులో డబ్బంత.

ఇదంతా, గమనించండి, నిజాయితీగా చేసినవాళ్ల సంగతి. వాళ్లు కనీసం స్టాప్‌వాచీ పట్టుకున్నారు.

సందులోని సంస్థలో అదీ లేదు. ఒక ఎక్సెల్ ఫైలు ఇస్తారు. సగటు 14, విచలనం 2 పెట్టి యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే ఫార్ములా, ముప్ఫై వరసలు కిందికి లాగితే "ముందు" డేటా రెడీ. 14 తీసేసి 9 పెడితే "తర్వాత" డేటా రెడీ. గ్రాఫు గీస్తే కుతుబ్‌షాహీ సమాధి గుమ్మటంలా రెండు పక్కలా ఇంచుమించు ఒకేలా వస్తుంది. నిజంగా మనుషులు లైనులో నిలబడ్డ కాలం అలా ఎన్నడూ రాదు. సున్నాకంటే తక్కువ ఉండదు కాబట్టి ఎడమ పక్క కురచగా, మిషను చెడిన రోజు 41 నిమిషాలు ఉంటుంది కాబట్టి కుడిపక్క తోకతో వస్తుంది. చూసే కన్నున్నవాడికి అర నిమిషంలో దొరికిపోయే దొంగతనం. పైగా బ్యాచిలో ముప్ఫై మందికీ ఒకటే ఫైలు. నగరంలో ముప్ఫై కంపెనీలు టీ కాలాన్ని సరిగ్గా 14.02 నుంచి 9.07కి దించాయి, కాకతాళీయంగా.

నవ్వుకోవచ్చు. టీయే కదా.

కానీ ఇదే సర్టిఫికెట్టు పట్టుకుని ఆ కుర్రాడు వచ్చే నెలలో పాశమైలారంలోనో జీడిమెట్లలోనో మందుల ఫ్యాక్టరీ క్వాలిటీ విభాగంలో చేరతాడు. అక్కడ ఇరవై మాత్రలు తీసి ఒక్కొక్కటీ తూచి, తూచిన క్షణాన్నే రాయాలి. 250 మిల్లీగ్రాముల బరువున్న మాత్రయితే సగటుకి 5 శాతం అటూ ఇటూ దాటినవి రెండుకి మించకూడదు. రాత్రి షిఫ్టులో తూకం మిషను మొరాయిస్తే ఏం చెయ్యాలో అతనికి ఎవరు నేర్పారు? ఫార్ములా పెట్టి కిందికి లాగమని నేర్పారు! అమెరికా ఇన్‌స్పెక్టర్లు వచ్చి వెతికేది సరిగ్గా ఈ కిందికి లాగిన అంకెలకోసమే. ఆ మాత్ర మింగేది ఎవరింట్లోనో బీపీ ఉన్న ముసలావిడ. దీన్ని శిక్షణ అనకండి. దొంగలెక్క రాయడం మీద చెయ్యి తిప్పించి, ఆ చేతికే పట్టా ఇవ్వడం ఇది. వేలు తీసుకుని మరీ.

ఆ కుర్రాణ్ణి అంటే పాపం. బెల్టు లేనిదే టీం లీడు మేనేజరు కాడని రూలు పెట్టిందెవరు? ఇంటర్వ్యూలో "ఏ బెల్టు" అని అడిగి, "ఏం కొలిచావు, ఎవరు సంతకం పెట్టారు, ఇప్పుడెలా ఉంది" అని అడగని హెచ్ఆర్ వాళ్లు. ఆ మూడు ప్రశ్నలు వేసిన మర్నాడు స్తంభం మీద పోస్టరు ఉండదు.

అసలు విషాదం దూరం లెక్కలో ఉంది. అదే అమీర్‌పేటలో నాగోలు వైపు మెట్రో ఎక్కితే హబ్సిగూడలో దిగొచ్చు. మహలనోబిస్ 1931లో పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి అక్కడ శాఖ ఉంది, నాణ్యతని లెక్కలతో పట్టుకోవడం అక్కడి పనుల్లో ఒకటి. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి ఆ సంస్థలో చేరిన సి.ఆర్. రావుగారు, శాంపిల్ చూసి ఎంత ఖచ్చితంగా చెప్పగలమో దానికో హద్దుందని 1945లోనే తేల్చారు. రైలు మారే పనే లేదు. అయినా జనం మైత్రీవనం దగ్గరే దిగిపోతారు.

మరి చెయ్యాలా వద్దా అంటారా? ఆఫీసులో రోజూ జరిగే పని ఉండి, దానికి నిజమైన అంకెలుండి, నాలుగైదు నెలలు బాసు ఓపిక పట్టి, ఆదా అయింది ఫైనాన్సు మనిషి తన పుస్తకంలో రాస్తానంటే చెయ్యండి, డబ్బు దండగ కాదు. ఏ ఒక్కటి లేకపోయినా ఫీజు కట్టేముందు చేత్తో ఒక కంట్రోల్ చార్టు, అంటే పని మామూలు హద్దుల్లో ఉందో లేదో చూపే బొమ్మ, గీసి చూడండి. 1924లో అమెరికాలో షూహార్ట్ అనే ఇంజనీరు ఒక్క పేజీలో చెప్పిందే. అయిదేసి చొప్పున 25 సార్లు కొలవండి. ప్రతి అయిదింటి సగటూ, పెద్దదానికీ చిన్నదానికీ తేడా రాసుకోండి. ఆ తేడాల సగటుని 0.577తో గుణించి మొత్తం సగటుకి కలిపితే పై హద్దు, తీసేస్తే కింది హద్దు. కస్టమరు అడిగిన హద్దుని తెచ్చి ఆ గీతల చోట పెట్టకండి, బ్లాక్ బెల్టులు కూడా చేసే తప్పు అదే. హద్దు దాటిన చుక్క కనబడ్డ రోజే వెళ్లి ఏమైందో అడిగి పక్కన రాయండి. ఇంతకి బెల్టు అక్కర్లేదు, పెన్సిలు కావాలి.

మాదాపూర్ ఆఫీసులో టీ మిషను పైన కంట్రోల్ చార్టు ఇంకా వేలాడుతోంది, రంగుల్లో, లామినేషన్ చేసి. చివరి చుక్క జూన్ 3. ఆ పక్కనే గోడకి అతికించిన అట్టముక్క మీద టీ అన్న రోజూ పెన్సిలుతో పాల ప్యాకెట్లు రాసుకుంటాడు. సోమారం 18. మంగళారం 19. బుధారం 18. బేస్తారం 26, పక్కన చిన్నక్షరాల్లో: "మిషన్ ఖరాబ్, స్టవ్ మీద కాగవెట్టిన."