"160 ఏళ్ల నాటి అరుదైన నాణెం" అని రాశాడంటే ముందు బరువు అడగండి

ఆన్‌లైన్ నాణేల వేలంలో మోసం చెయ్యాలంటే అబద్ధం ఆడక్కర్లేదు. నాలుగు నిజాలు పేర్చి, ఐదో నిజం మింగేస్తే చాలు.

రోజూ ఎక్కడో ఒకచోట కనబడే వివరణ ఇది: "1862 విక్టోరియా రాణి వెండి రూపాయి, 160 ఏళ్లు దాటిన పురాతన నాణెం, చాలా అరుదు, సీరియస్ కలెక్టర్లకు మాత్రమే." రాణి నిజమే, వెండీ నిజమే. మింగేసిందేమిటంటే, 1862 అనే ఆ తేదీని మార్చకుండా టంకశాలలు 1874 దాకా అవే రూపాయలు కొట్టుకుంటూ పోయాయి. పుష్కర కాలం పాటు ఒకే తేదీ! అంచేత బ్రిటిష్ ఇండియా రూపాయల్లో ఇంత తేలిగ్గా దొరికేవి కొన్నే. 160 ఏళ్లన్న మాటకీ గ్యారంటీ లేదు, అది 1873లో కొట్టిందీ అయ్యుండొచ్చు. బొంబాయి టంకశాల వాళ్లు ఏ ఏడు కొట్టారో గుర్తుకి తేదీ కింద చుక్కలు పెట్టేవాళ్లు. వాటిలో కొన్ని రకాలు నిజంగానే దొరకవు, ధర కూడా పలుకుతాయి. మరి సెల్లర్ ఏం చేస్తాడు? రాణి ముఖం నిండుగా ఫోటో తీస్తాడు, చుక్కలుండే వైపు మాత్రం మసకగా పెడతాడు. ఇక సీరియస్ కలెక్టర్ల సంగతంటారా, వాళ్ల దగ్గర ఈ రూపాయి ఎప్పుడో ఉండి ఉంటుంది. ఆ మాట రాసింది కొత్తవాళ్ల కోసమే.

"పిగ్ రూపాయి" కథా ఇంతే. 1911లో ఐదో జార్జి రూపాయి వచ్చినప్పుడు రాజు అంగీ మీదున్న ఏనుగు బొమ్మ తొండం పొట్టిగా ఉండి పందిలా కనబడిందని గొడవైంది. వాటిని వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించేశారు, 1912 నుంచి బొమ్మ మార్చారు. అంటే తేదీ 1911 ఉంటేనే పిగ్ రూపాయి. 1914దీ 1918దీ చూపించి "పిగ్ టైపు" అని రాసేవాడికి ఆ "టైపు" అన్న మాటే రక్ష. రేపు మీరు నిలదీస్తే "పిగ్ అనలేదు సార్, పిగ్ టైపు అన్నాను" అంటాడు.

రిపబ్లిక్ (స్వాతంత్ర్యం తర్వాతి) నాణేల్లో "మింట్ మార్క్ లేని ఎర్రర్", అంటే టంకశాల గుర్తు పడకుండా తప్పుగా వచ్చిన నాణెం, అని కనబడితే నవ్వుకుని ముందుకెళ్లండి. హైదరాబాద్ టంకశాలకి నక్షత్రం, ముంబైకి డైమండ్, నోయిడాకి చుక్క. కలకత్తాకి అసలు గుర్తే ఉండదు. గుర్తు లేదంటే అది కలకత్తాలో కొట్టింది, అంతే. వైష్ణోదేవి బొమ్మున్న 5 రూపాయల బిళ్ళకి లక్షలొస్తాయన్న ప్రచారమూ, ఇత్తడి రంగులో తామరపువ్వున్న 20 పైసల బిళ్ళలో బంగారం కలిసిందన్న పుకారూ ఇదే బాపతు.

ఇవన్నీ మాటల గారడీ. అసలు నాణెం మీదే చెయ్యి పడ్డ సందర్భాలు ఇంకోరకం, అక్కడే డబ్బు పోతుంది.

1939 ఆరో జార్జి రూపాయి తీసుకోండి. నిజమైనది దొరకడం చాలా కష్టం, నకిలీలు మాత్రం కొల్లలు. 1938 రూపాయి తీసుకుని, చివరి 8లో కింది సున్నా ఎడమ పక్క గీకేస్తే 9 అయిపోతుంది. ఇందులో కిటుకేమిటంటే 1938దీ అదే బరువు, అదే 91.7 శాతం వెండి. కాబట్టి తూకం వేసినా పాసే, శబ్దం విన్నా పాసే. సెల్లర్ "బరువు 11.66 గ్రాములు, ఒరిజినల్ వెండి, టెస్ట్ చేసుకోవచ్చు" అని ధైర్యంగా రాస్తాడు. ప్రతి ముక్కా నిజమే! పట్టుబడేది ఆ ఒక్క అంకె దగ్గరే. 10ఎక్స్ భూతద్దంలో చూస్తే 9 తోక పక్కన నేల (బొమ్మా అక్షరాలూ లేని చదును భాగం) కాస్త పల్లంగానో, సన్నటి గీతలతోనో ఉంటుంది. మెరుపు మిగతా నేలతో కలవదు. అంకె తోక ముందున్న 9 తోకలా ఉండదు. 1939లో రెండు 9లు ఉండటం మన అదృష్టం, పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. తేదీ ఒక్కటే నిండా కనబడేలా ఫోటో అడగండి. ఇవ్వనంటే బేరం అయిపోయినట్టే.

పోత నకిలీలకి, అంటే మూసలో లోహం పోసి చేసినవాటికి మాత్రం తూకమే మందు. పాత రూపాయి బరువు సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. ఇప్పుడు బంగారం షాపుల్లో 10 గ్రాముల్ని తులం అంటున్నారు కానీ, అసలు తులం ఈ రూపాయి ఎత్తే. వాడకంలో అరిగిన దానికి 11.5 వచ్చినా ఫర్వాలేదు, 10.8 వస్తే అనుమానించాలి. బరువు సరిపోయినా నీళ్ల పరీక్ష చెయ్యండి. 0.01 గ్రాము చూపించే చిన్న కాటా మీద గ్లాసులో నీళ్లు పెట్టి సున్నా చెయ్యాలి. నాణేన్ని సన్న దారంతో కట్టి, అడుగూ అంచూ తగలకుండా పూర్తిగా ముంచాలి. అసలు రూపాయైతే కాటా 1.13 దగ్గర ఆగుతుంది. 11.66ని దాంతో భాగిస్తే 10.3, అది 91.7 శాతం వెండి సాంద్రత. అదే బరువున్న వెండిపూత ఇత్తడికి 1.37 వరకు చూపిస్తుంది. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, ముందు తడిపి ముంచండి. అన్నట్టు 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గించారు, వాటికి సాంద్రత 9.5 దగ్గర రావడం మామూలే. దాన్ని నకిలీ అనుకుని పారేయకండి.

"యూఎన్‌సీ" అన్న మాటంత దగా పడ్డ మాట ఇంకోటి లేదు. అన్‌సర్క్యులేటెడ్ అంటే చేతులు మారని నాణెం. మన దగ్గర తళతళ మెరిసేదల్లా యూఎన్‌సీ. చింతపండు పెట్టి తోమితే వందేళ్ల వెండైనా తళతళలాడుతుంది, కానీ అది టంకశాల మెరుపు కాదు. అసలు మెరుపైతే నాణేన్ని లైటు కింద తిప్పుతుంటే చక్రం ఆకుల్లా తిరుగుతుంది. తోమిన నాణెం ఏ కోణంలో చూసినా ఒకేలా మెరుస్తుంది, పైగా ఒకే దిక్కుకి వెంట్రుకవాసి గీతలుంటాయి. ఫోటోలో ఇది తెలీదు. ఒక దీపం కింద తిప్పుతూ తీసిన 10 సెకన్ల వీడియో అడగండి. అంచు ఫోటో కూడా అడగండి. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటే అది పోత. 12 గంటల స్థానంలో గాట్లు చెరిగి, టంకం మచ్చ ఉంటే ఎవరి కాసులపేరులోనో వేలాడిందన్నమాట. అప్పుడు విలువ సగానికి పైనే పడిపోవచ్చు. వివరణలో దాని ఊసుండదు, "నేచురల్ టోనింగ్" (కాలంతో సహజంగా తిరిగిన రంగు) అని మాత్రం ఉంటుంది.

నాణేల్ని పరీక్షించి, గ్రేడు వేసి డబ్బాలో సీలు చేసే ఎన్‌జీసీ, పీసీజీఎస్ కంపెనీల డబ్బాలో ఉంది కదా అనీ నిశ్చింతగా ఉండకండి. "ఏయూ" (దాదాపు యూఎన్‌సీ) అని గొప్పగా రాసి, లేబుల్ మీదున్న "డీటెయిల్స్, క్లీన్డ్" (అంటే తోమిన నాణెం) అన్న రెండు ముక్కలు ఫోటోలో కత్తిరించేస్తారు. సర్టిఫికెట్ నంబరు ఆ కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి, ఫోటో ఉంటే గీతతో గీత పోల్చుకోండి. డబ్బాలకీ నకిలీలున్నాయి.

ఇక రాముడి బిళ్ళలు. "1818 ఈస్ట్ ఇండియా కంపెనీ రామదర్బార్ వన్ అణా" అని వేలల్లో, లక్షల్లో ధర పెడతారు. కొన్నిటి మీద "యూకేఎల్" అని కూడా ఉంటుంది, ఆ మూడక్షరాలకి ఇప్పటిదాకా ఎవరూ సరైన అర్థం చెప్పలేదు. కంపెనీ ఇలాంటి రాముడి అణా బిళ్ళ ఎన్నడూ కొట్టలేదు. 1616 తేదీ వేసినవీ అమ్ముతున్నారు, అప్పటికి కంపెనీ పుట్టి పదహారేళ్లే! కంపెనీ నాణేల మీద దేవుడి బొమ్మ కావాలంటే మద్రాసు వరహాలున్నాయి. దేవేరులతో వెంకటేశ్వరుడున్న మూడు స్వాముల వరహా నిజమైన కంపెనీ నాణెమే. అది బంగారం, 3.4 గ్రాముల చిన్న బిళ్ళ. అరచేతికి బరువయ్యే రాగి బిల్ల మాత్రం కాదు. ఈ రాగి బిళ్ళలకే "బియ్యం లాగుతుంది" అని కూడా తగిలిస్తారు. గింజలకి ఇనుప రజను పట్టించి, కింద అయస్కాంతం పెడితే ఏదైనా లాగుతుంది.

ఎర్రర్ నాణేల్లో బ్రోకేజ్ (ముందు కొట్టిన నాణెం అచ్చులో ఇరుక్కుని, దాని బొమ్మ తర్వాతి దాని మీద తిరగబడి పడ్డది) పేరుతో అమ్మేవి ఒకటికి రెండుసార్లు చూడండి. అసలు బ్రోకేజ్‌లో ఒక పక్క తిరగేసిన లోతు బొమ్మ ఒక్కటే ఉంటుంది. వైస్‌లో (మరతో బిగించే పట్టు పనిముట్టులో) రెండు నాణేలు పెట్టి బిగించిన దాంట్లో తిరగేసిన బొమ్మ కింద పాత బొమ్మ నలిగి కనిపిస్తూనే ఉంటుంది.

"ఇదే నాణెం ఫలానా చోట 5 లక్షలకి పెట్టారు" అన్నది ధర కాదు, ఆశ. అమ్ముడుపోయిన ధరలు చూడండి. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి కమిషనో పన్నో ముందు కట్టమంటే అక్కడితో కట్ చెయ్యండి. ఈ లావాదేవీలతో తనకు ఏ సంబంధమూ లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకి ఇంకో మాట. "వరల్డ్‌వైడ్ షిప్పింగ్ ఫ్రీ" అని ఇండియా నుంచి నిజాం చార్మినార్ రూపాయలు, విజయనగర వరహాలు చూపిస్తుంటారు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువే, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. "గిఫ్ట్ ఐటమ్ అని రాసి పంపిస్తాం" అని సెల్లర్ చాట్‌లో అన్నాడంటే వాడికి చట్టం బాగానే తెలుసు. పార్సిల్ కస్టమ్స్‌లో ఆగితే మాత్రం, ఆ నాణెం తన దగ్గరిది కానే కాదంటాడు.