దాచుకున్నదే కదా దొంగిలించేది!

గుర్తింపు దొంగిలిస్తారు జాగ్రత్త అని ఎవరైనా చెబితే నాకు నవ్వొస్తుంది. దొంగిలించాలంటే ముందు మనం దాచుకోవాలి కదండీ. నా ఆధార్ జిరాక్సులు సిమ్ కార్డుల షాపులో ఒకటి, పాత ఇంటి ఓనరు దగ్గర రెండు, జిమ్‌లో ఒకటి (వెళ్లింది మూడు రోజులే) ఉన్నాయి.

2022 మే నెలలో బెంగళూరు ఆధార్ ఆఫీసు, జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకండి అని ప్రకటన ఇచ్చింది. జనం అపార్థం చేసుకునే అవకాశం ఉందంటూ రెండు రోజులకే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. నిజానికి ప్రభుత్వ ప్రకటనల్లో నాకు మొదటిసారి చదవగానే అర్థమైంది అదొక్కటే.

అందులో చెప్పినట్టే మాస్క్‌డ్ ఆధార్ తీసుకున్నాను, చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. తిరుపతి లాడ్జిలో ఇస్తే కౌంటర్లో కుర్రాడు లైటుకి ఎత్తి చూసి, "సార్, నంబరు సరిగా పడలేదు, ఇంకోటి ఇవ్వండి" అన్నాడు. పడకపోవడం కాదు బాబూ, దాచారు అన్నాను. "ఎందుకు సార్, ఏమైనా కేసులున్నాయా?" వెనక లైన్లో ఉన్నవాళ్లంతా తలలెత్తారు. మర్యాదగా పూర్తి నంబరున్నదే ఇచ్చేశాను.

అయినా భయం దేనికి, అలర్టులున్నాయిగా! మన క్రెడిట్ రిపోర్టు, అదే మన అప్పుల చిట్టా, ఎవరైనా తీస్తే మనకి మెసేజో మెయిలో పంపాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆ చిట్టాలు రాసిపెట్టే క్రెడిట్ సమాచార కంపెనీలకి చెప్పింది. నాకూ వచ్చింది పాపం. పైన ప్రీ అప్రూవ్డ్ లోను, కింద శంషాబాద్ దగ్గర ప్లాట్లు, మధ్యలో అది. మూడూ కలిపి డిలీట్ చేశాను. నెలన్నర తర్వాత రికవరీ ఏజెంటు ఫోన్ చేసి, నేనెప్పుడూ అడుగుపెట్టని ఊళ్లో నేనే కొన్న ఫోనుకి ఈఎంఐ ఎందుకు కట్టలేదని నిలదీశాడు.

డాలస్‌లో ఉన్న మా చెల్లెలు విని, "ఫ్రాడ్ అలర్ట్ పెట్టించుకోలేదా అన్నయ్యా?" అంది. అమెరికాలో ఇలా చిట్టాలు రాసే మూడు పెద్ద కంపెనీల్లో ఒకదానికి చెబితే అదే మిగతా రెండింటికీ చెబుతుందట, ఏడాదిపాటు తన పేరు మీద కొత్తగా అప్పిచ్చేవాడు అడిగింది నిజంగా తనేనా అని ముందు తేల్చుకోవాలట. ఇక్కడ అది నేను కాదని నేనే తేల్చాలి.

సరే, ఆ అప్పు నాది కాదని క్రెడిట్ సమాచార కంపెనీకి ఫిర్యాదు పెట్టాను. ముప్పై రోజుల్లో తేల్చకపోతే రోజుకి వంద రూపాయలు పరిహారం ఇవ్వాలన్న రూలు కూడా ఉంది, ఆ డబ్బుతో ఏం కొనాలో మా ఆవిడ అప్పుడే ఆలోచించేసింది. ఇరవై తొమ్మిదో రోజు మెయిల్ వచ్చింది. ఫిర్యాదు చేసింది మీరేనని నిర్ధారించుకోవడానికి సంతకం చేసిన ఆధార్ కాపీ పంపగలరు, నంబరు స్పష్టంగా కనిపించాలి అని.

ఎందుకైనా మంచిదని ఐదు కాపీలు తీయించాను.