18 డాలర్ల నేరం

నాలుగు సినిమా టికెట్లకు నొక్కేది ఒక్కసారే అయినా కన్వీనియన్స్ ఫీజు మాత్రం నాలుగుసార్లు పడుతుంది. దీనిమీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. సర్వర్లకూ అలసట ఉంటుంది, వాటికీ టీనీళ్ళ ఖర్చులుంటాయి. నన్ను కలవరపెట్టేదల్లా ఒకటే. ఇంత పవిత్రమైన ఫీజును ఒకప్పుడు అమెరికాలో ఒక రాక్ బ్యాండ్ ఎదిరించింది. పేరు పెర్ల్ జామ్. ఆ బ్యాండ్ చరిత్ర రాసేవాళ్ళలో చాలామంది ఆ గొడవను ఒక్క వాక్యంలో తేల్చేస్తారు: "మొండితనంతో మంచి కెరీర్ పాడుచేసుకున్నారు." ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు బీపీ పెరుగుతుంది. అయినా నిష్పక్షపాతంగానే రాస్తాను.

ముందు నేరస్థుల పూర్వాపరాలు. 1990లో సియాటిల్‌లో స్టోన్ గోసర్డ్, జెఫ్ అమెంట్ అనే ఇద్దరి పాత బ్యాండ్ గాయకుడు డ్రగ్స్‌కు బలయ్యాడు. కొత్త గాయకుడి కోసం వెతుకుతుంటే శాన్ డియేగోలో పెట్రోల్ బంకులో నైట్ డ్యూటీ చేసే ఎడ్డీ వెడ్డర్ ఒక క్యాసెట్టు మీద పాడి పంపాడు. ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడి పేరే బ్యాండ్‌కు పెట్టుకున్నారు. ఆ పేరు కుదరదని తెలిశాక, 1991లో మొదటి ఆల్బమ్‌కు అతని జెర్సీ నంబరు 'టెన్' పెట్టి సరిపెట్టుకున్నారు. డ్రమ్మర్లను మాత్రం అద్దె ఇల్లు మారినంత తేలిగ్గా మార్చారు. 1993లో రెండో ఆల్బమ్ మొదటి ఐదు రోజుల్లోనే 9.5 లక్షల కాపీలు అమ్ముడైంది. అప్పటికి అది రికార్డు.

సరిగ్గా అప్పుడు బుద్ధున్న బ్యాండ్ ఏం చేస్తుంది? టికెట్ రేటు పెంచుతుంది. వీళ్ళు మ్యూజిక్ వీడియోలు తీయడం మానేశారు. పైగా టికెట్ 18 డాలర్లే ఉండాలి, దానిమీద సర్వీస్ ఛార్జి 1.80 డాలర్లు దాటకూడదు అన్నారు. స్కూలు పిల్లలు కూడా కచేరీకి రావాలట. ఎంత బాధ్యతారాహిత్యం!

వాళ్ళు ఎదిరించింది టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ అనే కంపెనీని. దాని పనితీరు తెలిస్తేగానీ వీళ్ళ తెగింపు అర్థం కాదు. పెద్ద పెద్ద స్టేడియాలతో, హాళ్ళతో ఆ కంపెనీకి ప్రత్యేక ఒప్పందాలు ఉన్నాయి. అక్కడ ఎవరు పాడినా టికెట్ అమ్మేది అదే. వసూలైన సర్వీస్ ఛార్జీలో హాలుకు కూడా వాటా ముడుతుంది. కాబట్టి ఛార్జి తగ్గించమని హాలువాడు పొరపాటున కూడా అడగడు. ఇది సంత బయట ఆశీలు పాటలాంటిది కాదు. ఆశీలుకు ఏటేటా వేలంపాట ఉంటుంది, పోయినేడు పాడినవాడు ఈ ఏడు ఓడిపోవచ్చు కూడా.

1994 మేలో బ్యాండ్ ఆ కంపెనీ మీద న్యాయశాఖకు ఫిర్యాదు చేసింది. జూన్ 30న గోసర్డ్, అమెంట్ ఇద్దరూ వాషింగ్టన్ వెళ్ళి ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పారు. ఆ ఉపసంఘం పేరు సమాచారం, న్యాయం, రవాణా, వ్యవసాయం. నేను కల్పించలేదు, అది దాని అసలు పేరే. గిటార్ వాయించేవాళ్ళ గోడు ఆ నాలుగింట్లో దేని కిందికి వస్తుందో తేలక వాళ్ళు వ్యవసాయం దగ్గర ఆగిపోయారేమో.

ఆ తర్వాత 1995 వేసవి టూరు. టికెట్‌మాస్టర్ ఒప్పందం లేని చోటల్లా పాడాలి. అలాంటి చోటు అమెరికాలో ఎక్కడుంటుంది? తిరనాళ్ళ మైదానాల్లో, పార్కుల్లో, మంచు మీద జారే ఆటల కొండల్లో. రికార్డు బద్దలుకొట్టిన బ్యాండ్ మేనేజరు ఒక ఖాళీ మైదానంలో నిలబడ్డాడనుకోండి. కంచె ఎక్కడ వేద్దామని అడిగేవాడొకడు, మరుగుదొడ్లు ఎన్ని కావాలని అడిగేవాడొకడు, కరెంటు ఎక్కణ్ణుంచి లాగాలని ఇంకొకడు. ఈలోగా షెరీఫ్ వచ్చి ఇంత జనాన్ని నా వల్ల కాదంటాడు. వానొస్తుంది, షో రద్దు. చివరికి జూన్ 24న శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో దాదాపు 50 వేలమంది ముందు ఏడు పాటలు పాడి, వెడ్డర్ కడుపు పట్టుకుని దిగిపోయాడు. మిగతా షో తోటి రాక్ గాయకుడు నీల్ యంగ్ నడిపించాడు. అందరూ నవ్వారు. మిగతా పెద్ద బ్యాండ్లు హాయిగా టికెట్‌మాస్టర్ దగ్గరే టికెట్లు అమ్ముకున్నాయి.

అదే ఏడాది జులైలో న్యాయశాఖ ఒక చిన్న ప్రకటనతో దర్యాప్తు మూసేసింది.

ఇక్కడ నాకు వెటకారం రావట్లేదు. ఏం చూసి మూశారయ్యా? ఆ కంపెనీని కాదంటే పాడటానికి చోటే దొరకదని ఒక బ్యాండ్ తన టూరు మొత్తం తగలేసుకుని నిరూపించింది. ఇంకేం సాక్ష్యం కావాలి? కోట్ల డాలర్లు వచ్చే చోట వద్దన్నవాడు మొండివాడు, జేబులో చెయ్యిపెట్టినవాడు వ్యాపారవేత్తా? 2010లో అదే న్యాయశాఖ, కచేరీలు నిర్వహించే లైవ్ నేషన్‌తో టికెట్‌మాస్టర్ కలిసిపోవడానికి షరతులు పెట్టి తలూపింది. షరతులట! 2022లో టేలర్ స్విఫ్ట్ టికెట్ల దగ్గర లక్షలమంది అభిమానులు ఏడిస్తేగానీ సెనేట్‌కు మెలకువ రాలేదు. 2024 మేలో న్యాయశాఖ ఆ కంపెనీ గుత్తాధిపత్యం మీద దావా వేసింది. ఫిర్యాదు ఇచ్చింది 1994 మేలో. 18 డాలర్లకు కచేరీ చూడాల్సిన ఆనాటి స్కూలు పిల్లలకు ఈపాటికి చత్వారం కూడా వచ్చేసి ఉంటుంది.

బ్యాండ్ మాత్రం 1998లోనే తలొంచి టికెట్‌మాస్టర్ హాళ్ళకు తిరిగొచ్చింది. అక్కడిదాకా నేను వాళ్ళ పక్షమే. కానీ ఇటీవలి టూర్లలో కొన్ని సీట్లను 'పీజే ప్రీమియం' పేరుతో మార్కెట్ రేటుకు అమ్ముతున్నారు. ఇలాంటి రేట్లకు అందరూ చెప్పే సమర్థన ఒకటుంది, బ్లాకులో అమ్మేవాడి జేబులోకి లాభం వెళ్ళకుండా ఉంటుందని. నిజమే. ఆ రేటు కౌంటర్ దగ్గరే గుంజితే బ్లాకువాడికి ఇంక పనేముంటుంది?