సిమెంటు అక్కర్లేని జీర్ణోద్ధరణ

గండికోట మాధవరాయస్వామి గుడిలో గర్భగుడి ఖాళీ. మొన్న ఆదివారం మా మేనల్లుడు ఆ చీకట్లోకి సెల్లు చాచి "ఇప్పుడు చూడు మామా" అన్నాడు. తెరమీద శంఖచక్రాలతో స్వామి ప్రత్యక్షం! చెప్పులు బయటే విడిచానా అని ఒకసారి కాళ్ళవైపు చూసుకుని చేతులు జోడించాను. ఇంతలో స్వామి పీఠం దిగి, పక్కకు జరిగి, సగం గోడలోకి వెళ్ళిపోయాడు. చీకట్లో, నున్నటి గోడల మధ్య కెమెరాకు పట్టు దొరకదట.

దీన్ని ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు. ఉన్న రాయిని కెమెరా గుర్తుపడుతుంది, పోయిన ముక్కునూ విరిగిన చేతినీ తెరమీద బొమ్మగా అతికిస్తుంది. రాయిని మాత్రం ముట్టుకోదు. ఆ ఒక్క గుణానికే నా పూర్తి మద్దతు. మనమెరిగిన జీర్ణోద్ధరణ ఏమిటి? ద్వారపాలకుడికి వెండిరంగు ఎనామిల్, శాసనానికి సున్నం, మండపానికి బాత్రూం టైల్స్. కడగడానికి సులువు కదా!

అయితే ఈ యాప్‌ను భక్తులకన్నా ముందు గుప్తనిధుల వాళ్ళకివ్వాలని నా మనవి. సీమలో పాతగుళ్ళ మీద వాళ్ళకున్నంత శ్రద్ధ ఇంకెవరికుంది? అమావాస్యనాడు నిమ్మకాయలు, పసుపు కుంకుమ, గడ్డపారలతో నిద్ర మానుకుని వస్తారు పాపం. తెరమీద నంది కింద ఓ లంకెబిందె చూపిస్తే తెల్లారేదాకా వేలితో తవ్వుకుంటారు. కోడిని కూడా అందులోనే కోసుకోవచ్చు. నందికి తల మిగులుతుంది, కోడికీ మిగులుతుంది.

పేర్లు చెక్కేవాళ్ళకూ ఇందులో చోటివ్వాలి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని 2010లో చట్టం సవరించారు. అయినా ఒక స్తంభం మీద బాణం దూసుకుపోయిన గుండె కనిపించింది, మేకుతో, అంగుళం లోతున. ప్రేమ ఏమయిందో గానీ పనితనం మాత్రం గట్టిది.

బయటి ఎండకు ఫోన్ కాలిపోతోంది. "హుండీ కూడా పెట్టినా మామా" అని మేనల్లుడు మళ్ళీ చూపించాడు. ఈసారి స్వామి ఏకంగా గాల్లోకి లేచి పెన్న లోయవైపు బయల్దేరాడు. విరాళాల క్యూఆర్ కోడ్ మాత్రం తెర నడుమ ఇసుమంతైనా కదల్లేదు.