పిన్నీసు మామ పండ్ల శాస్త్రం

హన్మకొండలో ఏ ఫంక్షన్‌హాల్‌కు పోయినా, రెండో బంతి లేవగానే ఒక ఉచిత వైద్య శిబిరం మొదలవుతుంది. చెయ్యి కడుక్కొచ్చిన మామ అత్తమ్మ ముందు నిలబడి అరచెయ్యి చాపుతాడు. ఆమె మాట్లాడకుండా పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి ఇస్తుంది. పొద్దున కొంగుకు, మధ్యాహ్నం మనవడి కాల్లో ముల్లుకు పనికొచ్చిన పిన్నీసే. మామ తల పక్కకు వంచి, ఒక కన్ను మూసి, దవడ పన్ను సందులో మటన్ పీచును వేటాడతాడు. పీచు వస్తుంది. దాన్ని ట్యూబులైటు వెలుతురుకు పెట్టి పరిశీలిస్తాడు. దాంతోపాటు నెత్తురూ వస్తుంది. దాన్ని మాత్రం పరిశీలించడు. పిన్నీసు దస్తీకి తుడిచి అప్పగించి, చుట్టూ కూర్చున్నోళ్లకు ఉపన్యాసం మొదలుపెడతాడు: "క్లీనింగ్ మాత్రం జేపిచ్చుకోకుండ్రి బిడ్డా. మిషన్ వెడితే పండ్లు కదుల్తయి."

మామ పరిశోధనను మనం గౌరవించాలి. ప్రతి పెండ్లిలో అదే సందులో పీచు ఎందుకు ఇరుకుతుందో ఆయన ఇంకా తేల్చలేదు, అంతే. ఆరోగ్యంగా ఉన్న చిగురుకూ పన్నుకూ మధ్య లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. 4 గానీ అంతకు మించి గానీ ఉందంటే చిగురు పన్నును వదిలేస్తోందని అర్థం. మామ ప్రతిసారీ పిన్నీసుతో కెలుకుతున్నది ఆ గుంటనే.

ఇక పండ్లు కదిలే సిద్ధాంతం. తోమకుండా వదిలేసిన పాచి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడటం మొదలై గార అవుతుంది. కింది ముందు పండ్ల లోపలివైపు చూసుకోండి, ముందు అక్కడే పడుతుంది, ఎందుకంటే లాలాజలం ఊరేది అక్కడ. గార బ్రష్‌కు రాదు. దాని మీద కొత్త పాచి చేరి, చిగురు వాచి, లోపల ఎముక ఏండ్ల తరబడి కరుగుతుంది. పునాది కరిగిన గోడను పైపూత నిలబెట్టినట్టు ఆ పండ్లను గారే పట్టుకుని ఉంటుంది. డాక్టర్ గార తీస్తాడు, పన్ను కదులుతుంది. నేరం మాత్రం మిషన్ మీద పడుతుంది. తర్వాత కొన్నాళ్లు చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటే అదీ మిషన్ ఖాతాలోనే.

రెండో సిద్ధాంతం: నెత్తురొచ్చే చోట బ్రష్ పెట్టొద్దు. అంటే పాచి ఎక్కడ ఎక్కువుందో అక్కడే సెలవు. చెయ్యాల్సింది దీనికి పూర్తిగా తిరగేసి. సాఫ్ట్ బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీల వాలుగా ఆనించి, చిన్న చిన్న కదలికలతో రెండు నిమిషాలు, రాత్రి పడుకునే ముందు తప్పకుండా తోమాలి. బలం అక్కరలేదు, తోముతున్నది ఇత్తడి బిందెను కాదు. పండ్ల సందులకు రోజూ ఒకసారి ఫ్లాస్ (సందుల్లో దూర్చి లాగే సన్న దారం) గానీ సందుల బ్రష్ గానీ. ఒకటి రెండు వారాల్లో నెత్తురు తగ్గాలి. తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి, అటే షుగర్ పరీక్షకూ. షుగర్ చిగుళ్లను పాడుచేస్తుంది, పాడైన చిగుళ్లు షుగర్‌ను అదుపులో ఉండనివ్వవు.

"నేను ముప్పై ఏండ్లుగా సిగరెట్ తాగుతున్న, ఒక్క చుక్క నెత్తురు రాదు" అనే బావ కూడా ఆ బంతిలోనే ఉంటాడు. నికోటిన్ రక్తనాళాలను బిగించేస్తుంది బావా. రోగం పోలేదు, దాక్కుంది.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కానీ అదే కుర్చీలోంచి, ఐదో నెల కడుపుతో ఉన్న బిడ్డకు "ఇప్పుడు పండ్ల డాక్టర్ తాన్కి పోవద్దు" అని తీర్పు చెప్తున్నప్పుడు ఆ నోరు ఎవరన్నా ముయ్యండి. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల కొద్ది పాచికే చిగుళ్లు ఉబ్బుతాయి. స్కేలింగ్, అంటే మిషన్‌తో గార తీయడం, తల్లికీ బిడ్డకూ హాని చెయ్యదు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కుర్చీలో కూర్చోవడమూ తేలిక. పిల్ల నోట్లో నెత్తురు కారుతుంటే "కాన్పయినంక సూద్దాం" అనడానికి మీకెవరిచ్చారు ఆ హక్కు? అక్కడ కరిగిన ఎముక కాన్పయ్యాక తనంతట తాను తిరిగి పెరగదు. వాంతైన వెంటనే మాత్రం బ్రష్ చెయ్యొద్దు, నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగమనండి. అది చెప్పండి ఆ పిల్లకు, చేతనైతే.