శ్రీ ఇన్సెంటివ్ క్లాజు గారికి, బేస్‌బాల్ కాంట్రాక్టు, చివరి పేజీ

మహారాజశ్రీ క్లాజు గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

జీతం మీద అదనంగా డబ్బిచ్చే షరతు కదా మీరు, బాగా ఆడినవాడికి బాగా ముట్టజెప్పే పెద్దమనిషి అని ఇన్నాళ్లూ మీ గురించి అనుకున్నాను. తీరా చూస్తే (మన సిక్సర్ లాంటి) హోమ్ రన్‌కి ఇంత, బ్యాటింగ్ సగటుకి ఇంత అని రాయడానికి అమెరికా మేజర్ లీగ్ రూల్సే ఒప్పుకోవట. ఎన్ని ఆటల్లో దిగాడు, ఎన్ని ఇన్నింగ్స్ బంతి వేశాడు, ఏ అవార్డు వచ్చింది, ఇలాంటివైతే రాసుకోవచ్చు. అంటే మీరు ఎక్కువగా చూసేది హాజరు పట్టీ!

పోనీ ఆ హాజరు ఆటగాడి చేతిలో ఉందా? కెంటా మయెదాని అడగండి. 2016లో జపాన్ నుంచి వచ్చిన ఈ పిచ్చర్‌కి, అంటే బంతి వేసేవాడికి, వైద్య పరీక్షలో మోచెయ్యి తేడాగా కనిపించింది. దాంతో డాడ్జర్స్ జట్టు ఎనిమిదేళ్లకి ఖాయంగా ఇస్తామన్నది 2.5 కోట్ల డాలర్లే. మిగతాదంతా, ఏటా కోటి డాలర్ల దాకా, మీ చేతిలో పెట్టారు. అందులో, ఆట మొదలుపెట్టే పిచ్చర్‌గా 15 సార్లు దిగితే 10 లక్షలు, 20కి ఇంకో 10 లక్షలు, ఆపైన 25, 30, 32 మెట్లకి తలా 15 లక్షలు. మొదటి ఏడాదే 32 మెట్టూ ఎక్కేశాడు. తర్వాతి ఏళ్లలో సీజన్ ముదిరేసరికి అతన్ని బుల్‌పెన్‌కి, అంటే ఆట మధ్యలో దిగే పిచ్చర్ల గుంపులోకి, పంపడం మొదలైంది. 2018లో 39 ఆటల్లో బంతి వేశాడు. అందులో ఆట మొదలుపెట్టినవిగా మీ లెక్కకి వచ్చినవి 20. జట్టు అవసరం అన్నారు. నిజమే, బుల్‌పెన్‌లోనూ అద్భుతంగా వేసేవాడు, అదే అతని ఖర్మ. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. మీ పంక్తిలో వడ్డించేది జట్టు వాళ్ల మనిషి, విస్తళ్లు లెక్కపెట్టేదీ వాళ్ల మనిషే.

మీ మారువేషం సంగతీ తెలుసు లెండి. అలెక్స్ రోడ్రిగెజ్ 660 హోమ్ రన్‌లు కొట్టి పాతతరం దిగ్గజం విల్లీ మేస్‌ని అందుకుంటే అతని జట్టు యాంకీస్ 60 లక్షల డాలర్లు ఇవ్వాలి. హోమ్ రన్‌కి కాదండోయ్, మార్కెటింగ్‌కి! ఈలోగా డోపింగ్ కేసులో 2014 అంతా బయట కూర్చుని, 2015లో ఆ అంకె అందుకున్నాడు. ఇందులో అమ్ముకోవడానికి ఏముందని క్లబ్ మొండికేసింది. చివరికి 35 లక్షలు దానధర్మాలకి పోయాయి, అతని జేబులోకి దమ్మిడీ రాలేదు.

2008 సీజన్‌కి కర్ట్ షిల్లింగ్ అనే పిచ్చర్‌కైతే ఒళ్లు అదుపులో పెట్టుకుంటే డబ్బన్నారు. ఆరు తూకాలు, మొత్తం 20 లక్షల డాలర్లు. (మా బస్టాండులో బరువు చూసే మిషన్‌కి మనమే రూపాయి వెయ్యాలి.) భుజం దెబ్బతిని ఆ ఏడు ఒక్క బంతీ వెయ్యలేదు.

2005లో మాత్రం హ్యూస్టన్ జట్టు యజమాని, ఈ ఆట గెలిపిస్తే బుల్డోజర్ కొనిస్తానని తన పిచ్చర్ రాయ్ ఓస్వాల్ట్‌కి నోటిమాటగా చెప్పాడు. గెలిపించాడు, బుల్డోజర్ వచ్చింది. మయెదాకి కనీసం ఒక ట్రాక్టరైనా చూడండి సార్.

ఇట్లు,
ఏటా వేరియబుల్ పే కోసం ఎదురుచూసే
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి